ఓడ దిగి చేను చేరిన ఇల్లు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు లారీ మీద ఒక ఇల్లు పోతోందనుకోండి. తలుపు, కిటికీలు, స్విచ్‌బోర్డుతో సహా తయారైన ఇల్లు. హైడ్రా క్రేనుతో లేపి సిమెంటు దిమ్మెల మీద దించి, కరెంటు, నీళ్లు కలిపితే పొయ్యి వెలిగించుకోవచ్చు. అయితే ఈ ఇనుప గది పుట్టింది మనిషి కోసం కాదు, సరుకు కోసం.

అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ లారీల యజమాని. రేవుల్లో కూలీలు బస్తా బస్తాగా సరుకు ఎక్కిస్తుంటే లారీలు బారులు తీరేవి. లారీ మీది పెట్టెను పెట్టెగానే ఎత్తి ఓడలో పెడితే? 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ ఓడ 58 పెట్టెలతో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. విడి సరుకు టన్ను ఎక్కించడానికి 5.86 డాలర్లయ్యే రోజుల్లో, ఈ పద్ధతిలో 16 సెంట్లు కూడా కాలేదు. తర్వాత ప్రపంచమంతటా కొలతలు కుదిరాయి: వెడల్పు 8 అడుగులు, పొడవు 20 లేదా 40. ఆ 8 అడుగుల వల్లే అది లారీ మీద ఇముడుతుంది. ఆ 8 అడుగుల వల్లే మంచం అడ్డంగా వేస్తే దారి మూసుకుపోతుంది. ఇలాంటి పెట్టెలను ఇళ్లుగా మార్చే పద్ధతికి ఫిలిప్ క్లార్క్ 1989లో పేటెంట్ పొందారు.

మన దగ్గర కంటైనర్ ఇల్లు అని అమ్మేదంతా ఓడ దిగినది కాదు. షెడ్డులో కొత్త చట్రం వెల్డింగ్ చేసి, ప్యానెళ్లు బిగించినవీ ఉంటాయి. నా మటుకు అవే మేలు. అసలు కంటైనర్‌లో బరువు మూలస్తంభాల మీద పడుతుంది, మడతల రేకు గోడలు వాటికి దన్ను. కిటికీ కోసం గోడ కోస్తే చుట్టూ కొత్త చట్రం వేయాల్సిందే.

ఇంతకీ ఈ ఇల్లు ఎవరికి పనికొస్తుంది? 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైంది. ఇలా పెరిగే ఊళ్లో అపార్ట్‌మెంట్ ఫ్లాటు కొంటే భూమిలో దక్కేది అవిభాజ్య వాటా. అది ఎక్కడుందో గీత గీసి చూపలేం. ఎల్లారెడ్డిలో నూటయాభై గజాల సొంత జాగ ఉన్నవాళ్లకు కంటైనర్ ఇంటి ముందు వాకిలి ఉంటుంది, వాకిట్లో వేపచెట్టు ఉంటుంది. జాగ నల్లరేగడి నేల అయితే, అది వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, ఇటుక గోడలు బీటలిస్తాయి. తేలికపాటి ఇనుప ఇంటి కింద దిమ్మె కుంగితే జాకీతో లేపి సరిచేసుకోవచ్చు.

ఎండ దగ్గరే అసలు పరీక్ష. ఉక్కు ఇటుక కంటే యాభై రెట్లకు పైగా తేలిగ్గా వేడిని లోపలికి పంపుతుంది. దాన్ని ఆపేది గోడలోపల ఇమిడ్చిన రాక్‌వూల్ లేదా పఫ్ నురుగు, పైకప్పుకు జానెడు ఎత్తున గాలి ఆడేలా వేసిన రెండో రేకు. ధర తగ్గించడానికి ముందు కోసేది వీటినే. అడ్వాన్సు ఇచ్చే ముందు, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి, ఏసీ ఆపించి, లోపల అరగంట కూర్చోండి.