రెండు గడియారాల పెట్టె

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలైన కాలంలో గొంతును పట్టుకోవాలంటే స్టూడియో గది, బరువైన టేప్ యంత్రాలు కావలసివచ్చేవి. ఇప్పుడు ప్రొద్దుటూరులో భజన పాడేవారికైనా, జమ్మలమడుగులో పాఠాలు రికార్డు చేసే మాస్టారికైనా, పులివెందులలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడికైనా మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే, అరచేతిలో పట్టే యూఎస్‌బీ సౌండ్ పెట్టె చాలు. కానీ కంప్యూటర్ మార్చిన రోజే ఒక్కోసారి అది మూగబోతుంది. పాడైందనుకుని మూలన పడేస్తారు. చాలాసార్లు పెట్టెలో ఏ లోపమూ ఉండదు.

యూఎస్‌బీ 1996లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్, వడోదరలో చదువుకున్నవాడు. ధ్వనికి ప్రత్యేక నియమాలు 1998లో కుదిరాయి. ఫైలు కాపీ చేసేటప్పుడు ఒక ముక్క చెడితే కంప్యూటర్ మళ్లీ పంపిస్తుంది. పాటకు అంత తీరిక లేదు. మొదటి తరం పెట్టెలకు మిల్లీసెకనుకొక ముక్క చొప్పున వెళ్తుంది, చెడిన ముక్క మరి రాదు. టప్ టప్ చప్పుళ్లకు ఇదొక కారణం. సీడీ నాణ్యతకు సెకనుకు 44,100 నమూనాలు (ధ్వని కొలతలు) కావాలి. అంటే మిల్లీసెకనుకు 44.1. నమూనాను ముక్కలు చేయలేం కనుక తొమ్మిదిసార్లు 44, పదోసారి 45 పంపుతారు! ఈ లెక్క నాకెంతో ఇష్టం. అసలు చిక్కు మరోటుంది: కంప్యూటర్ గడియారం, పెట్టె గడియారం అచ్చంగా ఒకేలా నడవవు. అందుకే మంచి పెట్టెలు "కాస్త ఎక్కువ పంపు, కాస్త తగ్గించు" అని కంప్యూటర్‌కు తామే చెబుతుంటాయి.

2006లో వచ్చిన రెండో తరం ధ్వని నియమాలను విండోస్ సొంతంగా నేర్చుకున్నది 2017లో. అంతవరకూ తయారీదారులు ఇచ్చే డ్రైవరే, అంటే పెట్టెతో మాట్లాడటం విండోస్‌కు నేర్పే సాఫ్ట్‌వేరే, దిక్కు. పాత పెట్టెకు కొత్త డ్రైవర్ రాయడం ఆపేస్తే, నిక్షేపంలాంటి వస్తువు చెత్తలోకి పోతుంది. ఇది అన్యాయం.

కాబట్టి పారేసే ముందు హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి. కేబుల్ మార్చి చూడండి, కొన్ని కేబుళ్లు కరెంటు మాత్రమే మోస్తాయి. సెట్టింగుల్లో పెట్టె పేరు ఎంచుకున్నా గొంతు రాకపోతే మైక్ అనుమతి ఆపి ఉందేమో చూడండి. శబ్దం వస్తున్నా గొంతు బరువెక్కి సాగుతోందంటే, 48,000 దగ్గర పట్టిన పాటను 44,100 దగ్గర వినిపిస్తున్నారన్నమాట. గంట పాట 65 నిమిషాలు దాటుతుంది, శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టుకు పైగా దిగిపోతుంది. పట్టే చోటా, వినిపించే చోటా ఒకే అంకె పెడితే సరి.