చేపల తొట్టి సంప్‌కి ఏ పైపు వేయాలి? ఇత్తడి వాల్వ్ నేర్పిన పాఠం



మాది శ్రీహరికోటకు పోయే దారిలో, పులికాట్ సరస్సు పక్కనుండే ఊరు. మా బోరులో వచ్చేది ఉప్పునీళ్లే. అందుకే తక్కువ నీళ్లతో పని జరగాలని ఇంటి దగ్గర చిన్న ఆక్వాపోనిక్స్ పెట్టుకున్నా. తొట్టిలో చేపలు, చిన్న రొయ్యలు, నత్తలు. ఆ నీళ్లు కింద సంప్‌లోకి దిగి, మోటారుతో ఆకుకూరల బెడ్లకు ఎక్కి, అక్కడ వడకట్టుకుని మళ్లీ తొట్టికి చేరతాయి. ఆ కూర ముందు తినేది మా పాప, ఆ తర్వాతే కస్టమర్లు.

పైపింగ్ సామాన్లకు పోతే, "ఇత్తడి వాల్వ్ వెయ్యన్నా, పదేళ్లు చూడక్కర్లేదు" అన్నారు. సరేనని వేసేశా. దానికి ఒక జీఐ నిపుల్ కూడా తగిలించా.

మూడో వారంలో నత్తలు అద్దం వదిలి కింద పడ్డాయి. తర్వాత రొయ్యలు పోయాయి. చివరికి చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. అమ్మోనియా చూస్తే బాగానే ఉంది. నైట్రైట్ కూడా లేదు. రాగి టెస్ట్ కిట్ పెడితే రంగు మారింది! వాల్వ్ విప్పి చూస్తే లోపలంతా పచ్చగా చిలుము. వీడియోలో దగ్గరగా చూపించాను, చూడండి.

మా అమ్మ చూసి ఒకటే మాట అంది: "కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెడతామా నాయనా?" డిప్లొమా చదివిన నాకు తట్టనిది ఆమెకు తట్టింది.

ఎందుకిలా జరిగింది? ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. జీఐ మీద ఉండేది జింకు పూత. ఈ రెండూ మొక్కకు కొంచెం కావాలి, కానీ రొయ్యకు, నత్తకు విషం. రాగి మొప్పల్లో లవణాల సమతుల్యాన్ని దెబ్బతీస్తుంది. నేను చేసిన ఇంకో తప్పు, "మంచినీళ్లు" అని ఆర్‌ఓ నీళ్లు పోయడం. ఖనిజాలు తక్కువున్న నీళ్లు లోహాన్ని తొందరగా కరిగిస్తాయి. పైగా అలాంటి నీళ్లలో రాగి విషం ఎక్కువ పనిచేస్తుంది. సంప్‌లో అవే నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి కరిగింది పోయే దారి లేదు, రోజురోజుకీ పెరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు నేను వాడుతున్నవి:

పైపులు: తాగునీటి యూపీవీసీ, మీద ఐఎస్ 4985 ముద్ర ఉండాలి. హెచ్‌డీపీఈ అయితే ఐఎస్ 4984. పాత పీవీసీ పైపుల తయారీలో సీసం వాడేవాళ్లు. దానిమీద కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అందుకే చవగ్గా వస్తుందని ముద్ర లేని పైపు, పాత పైపు కొనకండి.

వాల్వులు, యూనియన్లు: మొత్తం ప్లాస్టిక్‌వే. లోపల ఇత్తడి మర ఉండే ఫిట్టింగులు కూడా వద్దు. మరలకు టెఫ్లాన్ టేపు చాలు.

అతుకు: సాల్వెంట్ సిమెంట్ పలచగా పూసి, ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత రెండు మూడుసార్లు నీళ్లు పెట్టి వదిలేయండి. చేపలు ఆ తర్వాతే.

సిలికాన్: అక్వేరియంకి పనికొస్తుందని రాసున్నదే తీసుకోండి. బాత్రూం సిలికాన్‌లో బూజు రాకుండా మందు కలుపుతారు, అది చేపలకు మంచిది కాదు.

క్లాంపులు: ప్లాస్టిక్‌వి. స్టీలే కావాలంటే, మనలాంటి ఉప్పు గాలికి 304 కంటే 316 గ్రేడ్ మేలు.

సామాన్లు మార్చి, నీళ్లు మొత్తం తీసేసి, బెడ్ల గులకరాళ్లు కడిగాను. కొత్త నీళ్లలో రాగి కనపడలేదు. అయినా ముందు నాలుగు నత్తలే వదిలా. నెల రోజులు అద్దం పట్టుకుని తిరిగాయి. అప్పుడే చేపల్ని దింపాను.

జీవామృతం డ్రమ్ముకైనా, పుల్ల మజ్జిగకైనా ఇదే లెక్క. పులుపు తగిలితే ఇత్తడి ఇంకా తొందరగా కరుగుతుంది. బెల్లం మంచిదా, పేడ నాటు ఆవుదా అని అడుగుతాం కదా, అవి పోయే పైపు గురించి కూడా అడుగుదాం. ఈరోజు మీ డ్రమ్ము కింద కుళాయి ఒకసారి విప్పి చూడండి. లోపల పచ్చగా కనిపిస్తే మార్చేయండి.