‘ఆగు’ అంటే చాలదు.. ఆగిందాకా ఆగాలి!

రాత్రి 11.30. ఆఫీసులో నేనూ, టెస్టింగ్ బోర్డూ మిగిలాం. లినక్స్ కెర్నల్ కోసం నేను రాసిన మొదటి డ్రైవర్ అది. పొద్దుట్నుంచీ చక్కగా పనిచేసింది. ఇక తీసేద్దామని కమాండ్ కొట్టానో లేదో.. బోర్డు బిగుసుకుపోయింది. మళ్లీ ఎక్కించా, మళ్లీ తీశా. ఈసారి ఏమీ కాలేదు. 20 సార్లు చేస్తే రెండుసార్లే క్రాష్! ఎప్పుడూ వచ్చే తప్పుని పట్టుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి వచ్చేదే నిద్ర పట్టనివ్వదు.

మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండేదీ లినక్స్ కెర్నలే. తెర వెనక పనుల కోసం అందులో కెర్నల్ థ్రెడ్లు ఉంటాయి. యాప్‌లో తప్పు జరిగితే మామూలుగా ఆ యాపే మూతపడుతుంది. కెర్నల్‌లో జరిగితే ఫోన్ మొత్తం రీస్టార్ట్ కావొచ్చు.

నా డ్రైవర్‌లోనూ అలాంటి థ్రెడ్ ఒకటుంది. నేను చేసిందల్లా ‘ఇక ఆగు’ అని ఒక ఫ్లాగ్ పెట్టి, వెంటనే దాని డేటా ఉన్న మెమరీని ఖాళీ చేసేయడం. అదేమో అప్పుడు నిద్రలో ఉంది. అద్దెకున్నవాళ్లు లోపల ఉండగానే ఇల్లు కూల్చేసినట్టన్నమాట! ఆ మెమరీ ఈలోపు ఇంకో పనికి వెళ్లిపోతే మరీ ప్రమాదం. హ్యాకర్లు వెతికేది ఇలాంటి సందుల కోసమే.

మర్నాడు మా సీనియర్ అన్న కోడ్ చూసి ఒకటే అడిగాడు. ‘ఆగమన్నావ్ సరే, అది వెళ్లిందో లేదో చూశావా?’

దీనికి కెర్నల్‌లో ‘కేథ్రెడ్ స్టాప్’ అనే ఫంక్షన్ ఉంది. అది థ్రెడ్‌ని ఆగమంటుంది, నిద్రలో ఉంటే లేపుతుంది, పూర్తిగా బయటికెళ్లేదాకా కాచుకుంటుంది. థ్రెడ్ కూడా లూప్ తిరిగిన ప్రతిసారీ ‘నన్ను ఆగమన్నారా?’ అని చూసుకోవాలి. లేదంటే ఆపడానికి వచ్చిన కోడ్ అక్కడే ఇరుక్కుపోతుంది.

అది పెట్టాక కూడా ఒక క్రాష్ వచ్చింది! ఏదైనా ఎర్రర్ వస్తే నా థ్రెడ్ తనంతట తానే వెళ్లిపోయేది. దాని వివరాలుండే ‘టాస్క్ స్ట్రక్ట్’ కూడా అప్పటికే చెరిగిపోయి ఉండొచ్చు. మరి లేనిదాన్ని ఆపేదెలా? అందుకే ‘గెట్ టాస్క్ స్ట్రక్ట్’తో ‘దీంతో నాకింకా పనుంది’ అని ముందే ఒక లెక్క పెంచాలి. ఆపాక ‘పుట్ టాస్క్ స్ట్రక్ట్’తో తగ్గించాలి. లెక్క సున్నా అయ్యేదాకా కెర్నల్ ఆ మెమరీ జోలికి వెళ్లదు.

మార్చింది నాలుగైదు లైన్లే. ఆ రాత్రి డ్రైవర్‌ని 1000 సార్లు ఎక్కించి, తీసే స్క్రిప్ట్ పెట్టి ఇంటికెళ్లా. పొద్దున భయపడుతూనే వచ్చి చూశా. బోర్డు నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఎవరి కోడ్ చూసినా థ్రెడ్ ఎక్కడ మొదలైందో కాదు, ఎక్కడ ఆగుతుందో ముందు వెతుకుతున్నా.