మీకు తెలుసా? పేకలో పది అవతారాలు

తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి దశావతారాల సెట్టు బెజవాడ వాళ్లకు కొత్త కాదు. అవే అవతారాలతో పేకాట కూడా ఉంది. పేరు గంజీఫా. గుండ్రటి ముక్కలు, చేత్తో వేసిన బొమ్మలు, పైన లక్క పూత. మన నిర్మల్‌లోనూ గీసేవారు. ఇస్పేటు, కళావరు ఉండవు. అవతారానికి 12 ముక్కలు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. మొత్తం 120. సగం అవతారాల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది! పగలైతే రాముడి రాజు, రాత్రయితే కృష్ణుడి రాజు ఎవరి చేతిలో ఉంటే మొదటి ఆట వాళ్లదే. నాకు మాత్రం మత్స్యావతారం తొమ్మిదంటే ప్రాణం. అరచేతిలో ఇమిడిపోయే ముక్క మీద తొమ్మిది చేపలు, దేని తోకా ఇంకోదానికి తగలకుండా.