సెప్టెంబరు 17: ఒక దినము, పెక్కు పేళ్లు

సంవత్సరమందలి 365 దినములలో ననేకము తిథివారనక్షత్రములకు మించిన గుర్తేదియు లేకయే గడచిపోవును. కొన్నిటికి మాత్రము పేళ్లుండును. ఒక దినమున కొక్క పేరుండుట లోకములో వాడుక. సెప్టెంబరు 17వ తేదీకి మన తెలుగునేలమీదనే నాలుగైదు పేళ్లున్నవి. అది విమోచనమని కొందరు, విలీనమని కొందరు, సమైక్యతాదినమని కొందరు, విద్రోహమని మరికొందరు పిలుచుచున్నారు. ఏటేట భాద్రపదాశ్వయుజముల నడుమ నీ పేళ్లవివాదము ముసురుతోపాటు వచ్చి, ముసురుతోపాటు పోవుచున్నది. పేరేదైనను, ఆ దినమున నేమి జరిగెనో, దానికి ముందు వెనుకల నేమి జరిగెనో తెలిసికొనిన పిదప పేరు పెట్టుట మేలుగదా! అందులకు జహీరాబాదుకంటె తగిన తావు మాకు గానరాలేదు.

షోలాపురమునుండి హైదరాబాదునకు బోవు రాజమార్గముమీద, రాజధానికి దాదాపు 100 కిలోమీటర్ల దూరమున నున్నది జహీరాబాదు. ఇచ్చటికి బీదరుకోట మిక్కిలి చేరువ. ఊరి సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలును వినవచ్చును. బేరమాడునపుడు ఒక్క వాక్యములోనే రెండు మూడు భాషలు కలిసిపోవుట ఇచ్చట వింత గాదు. 1948లో నీ యూరు మెదకుజిల్లాలోనిది గాదు. నిజాము రాజ్యమునందలి 16 జిల్లాలలో నొకటియగు బీదరుజిల్లాలోనిది. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొనగోరుచున్నాము.

1947 నవంబరు 29వ తేదీన నిజామునకును భారతప్రభుత్వమునకును ఒక సంవత్సరపు గడువుతో యథాతథపు టొడంబడిక జరిగెను. గడువు తీరకమునుపే రాజ్యమంతయు నగ్నిగుండమాయెను. లాతూరులో న్యాయవాదిగా నుండిన కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు గ్రామములపై బడిరి. స్వామి రామానందతీర్థ నాయకత్వమున స్టేటు కాంగ్రెసువారు సత్యాగ్రహము సాగించి చెరసాలలు నింపిరి. తెలంగాణమున కమ్యూనిస్టులు దొరలమీదను నిజాముమీదను ఆయుధములు పట్టిరి. బీదరుజిల్లాలోని గోర్టా గ్రామమున 1948 మే నెలలో రజాకార్లు సాగించిన వధను ఆ ప్రాంతమువారు నేటికిని మరువలేదు. ఆగస్టు నెలలో నిటు బైరాన్‌పల్లి రక్తసిక్తమాయెను. ఆ నెలలోనే హైదరాబాదు నగరమున ‘ఇమ్రోజ్’ పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాను వీధిలో హత్య చేయబడెను. ఆయన చేసిన నేరమెల్ల, హైదరాబాదు భారతయూనియనులో చేరవలెనని తన పత్రికలో ఉర్దూభాషలో వ్రాయుట. వ్రాసిన చేతిని హంతకులు నరికిరి. మేమును పత్రికల వారమే గనుక నీ పేరువద్ద నొక్క క్షణము నిలువక సాగజాలము. ఆ పోరాటమును హిందువులకును ముస్లిములకును నడిచిన పోరాటముగా మాత్రమే చెప్పువారికి, ఆ తరుణ సంపాదకుని శవమే చాలినంత ప్రత్యుత్తరము.

సెప్టెంబరు 13వ తేదీ సోమవారము తెల్లవారకముందే భారతసైన్యము కదలెను. ప్రధానవాహిని షోలాపురమునుండి మేజరు జనరలు జె. ఎన్. చౌధురి యాధిపత్యమున బయలుదేరినది. నల్‌దుర్గమువద్ద వంతెనను శత్రువు కూల్చకమునుపే పట్టుకొనుటతో మార్గము తెరువబడెను. ఆ సాయంకాలమునకే సైన్యము ఉమర్గా చేరెను. మరునాడు రాజేశ్వరము వశమాయెను. 16వ తేదీ గురువారము ఉదయమున లెఫ్టినెంటు కర్నలు రాంసింగు నడపిన దళము జహీరాబాదువైపు సాగెను. త్రోవలో మందుపాతరలు పాతియుండుటచే వానిని తీసివేయువరకు నడక మందగించెను. బీదరునుండి వచ్చు బాట రాజమార్గమున కలియు కూడలివద్ద పొంచియున్నవారు తుపాకులు కాల్చిరి. వారిపని పట్టుటకు కొంతసైన్యము నచ్చట విడిచి తక్కినది ముందునకు నడచి, చీకటిపడువేళకు జహీరాబాదు దాటి 15 కిలోమీటర్లు పోయెను. ఆ రాత్రి హైదరాబాదునకును సైన్యమునకును నడుమ మిగిలిన దూరమును నేడు మోటారుబండి రెండు గంటలలో దాటును.

17వ తేదీ శుక్రవారము వేకువను సైన్యము బీదరు ప్రవేశించినది. విజయవాడ దిక్కునుండి వచ్చినవారు చిట్యాల చేరిరి. లాయక్ అలీ మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. సాయంకాలము 5 గంటలకు నిజాము యుద్ధవిరమణము ప్రకటించెను. యుద్ధము నిండ నైదు దినములు. సైనికవిధి ననుసరించి లొంగుబాటు మాత్రము మరునాడు, అనగా 18వ తేదీ సాయంకాలము 4 గంటలకు, హైదరాబాదు సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురి ఎదుట నిలిచినప్పుడు జరిగినది.

ఆ వారమున ప్రపంచము హైదరాబాదునే చూచుచుండెనని తలచువారికి ఒక మాట. నిజాము ప్రతినిధులు పారిసునగరమున ఐక్యరాజ్యసమితి భద్రతామండలియెదుట ఫిర్యాదు వినిపించినది 16వ తేదీననే. మరునాడే, మన 17వ తేదీననే, ఆ సమితి మధ్యవర్తిగా పాలస్తీనమునకు బోయిన స్వీడను ప్రభువంశీయుడు ఫోక్ బెర్నడాట్ జెరూసలేములో కాల్చి చంపబడెను. ఒకచోట తుపాకి మూతవడిన దినమున మరియొకచోట శాంతిదూతపై తుపాకి పేలినది. అచ్చటి వివాదము నేటికిని తీరలేదు.

పూర్వమును ఈ తేదీ సామాన్యమైనది గాదు. 1787లో ఫిలడెల్ఫియా నగరమున అమెరికా రాజ్యాంగమునకు సంతకములైనవి యీ దినముననే. ఆ దేశీయులు నేటికిని దీనిని రాజ్యాంగదినముగా జరుపుకొందురు. 1939లో సోవియటుసేనలు తూర్పునుండి పోలండులో జొచ్చినదియు సెప్టెంబరు 17వ తేదీననే.

ఇక జన్మదినములు. 1879లో ఈ దినమున ఈరోడులో పెరియార్ ఇ. వి. రామస్వామి జన్మించెను. తమిళనాడు ప్రభుత్వము 2021లో దీనికి సాంఘికన్యాయదినమని పేరుపెట్టినది. ఆయనతో విభేదించి వెడలిన అన్నాదురై ప్రభృతులు తమ క్రొత్తపక్షమును 1949లో ఆయన పుట్టినదినముననే స్థాపించిరి. గురువును విడిచినను గురువుగారి తేదీని విడువలేదన్నమాట. 2014లో భారతప్రధానియైన నరేంద్ర మోదీ 1950లో ఈ దినముననే పుట్టెను. అందుచే నిటీవలి సంవత్సరములలో హైదరాబాదు వేదికలపై ఆ తేదీన రెండుత్సవములు కలిసిపోవుచున్నవి.

మా మనసు మాత్రము మరియొక జన్మదినమువద్ద నిలుచుచున్నది. చిత్రకారుడు ఎం. ఎఫ్. హుసేను 1915లో ఈ దినమున పండరిపురమున జన్మించెను. పండరిపురము షోలాపురము జిల్లాలోనిది. 1948లో సైన్యము బయలుదేరినదియు నా జిల్లానుండియే. ఆ బాటవెంబడి వచ్చినవాడో యన్నట్లు హుసేను పిదప హైదరాబాదును రెండవయిల్లుగా జేసికొనెను. స్వాతంత్ర్యయోధుడును ‘కల్పన’ హిందీపత్రికను నడపినవాడును అగు బదరీవిశాల్ పిత్తీ ప్రోత్సాహమున నీ నగరముననే రామాయణచిత్రములు వ్రాసెను. విఠోబా క్షేత్రమున బుట్టిన ముస్లిము, నిజాము రాజధానిలో, మార్వాడీ వర్తకుని యింట, రాముని గీచుట! దక్కనుదేశమన నిట్టిదని పరదేశీయులకు జెప్పవలసివచ్చినప్పుడు మాకీ సంగతియే ముందు జ్ఞప్తికి వచ్చును. చివర కాయన స్వదేశము విడిచి 2011లో లండనులో కన్నుమూసెను.

తిరిగి 1948నకు వత్తము. ఉత్సవవేదికలపై కథ 17వ తేదీ సాయంకాలముతో ముగియును. బీదరుజిల్లాలో ముగియలేదు. రజాకార్ల దౌర్జన్యమునకు ప్రతీకారమను పేర నిరపరాధులగు ముస్లిములపై హత్యలు, దోపిడులు, గృహదహనములు జరిగినట్లు వార్తలు ఢిల్లీకి జేరగా, ప్రధాని నెహ్రూ పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలగువారిని విచారణకు బంపెను. వారు నవంబరు 29 మొదలు డిసెంబరు 21 వరకు రాజ్యమున సంచరించి నివేదిక సమర్పించిరి. పోలీసుచర్య కాలమునను, దాని తరువాతను 27,000 మొదలు 40,000 వరకు జనులు మరణించియుందురని వారి యంచనా. అత్యధికముగా నష్టపడినవని వారు పేర్కొనిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ప్రభుత్వము నివేదికను ప్రకటింపలేదు. పెక్కుదశాబ్దముల పిదపగాని అది సామాన్యపాఠకుల కంటబడలేదు. ఆ సంఖ్యపై వాదములున్నవి, ఉండవచ్చును. కాని సంఖ్య నెంత తగ్గించినను అది శూన్యము గాజాలదు.

ఆ నివేదికలోనే మరియొక సంగతి యున్నది. కొన్నిచోట్ల హిందువులు తమ ప్రాణములకు దెగించి పొరుగు ముస్లిములను గాపాడిరనియు, ఒకే వృత్తివారి నడుమ నీ బాంధవ్యము మిక్కిలిగా గానవచ్చెననియు, హిందూసాలెవారు ముస్లిముసాలెవారికి అడ్డునిలిచిరనియు అందు వ్రాయబడినది. గోర్టా మృతులకు స్మారకమున్నది, ఉండవలసినదే. అడ్డునిలిచిన యా సాలెవారికి మాత్రమొక రాతిపలకయైన నున్నట్లు మేము వినలేదు.

పేళ్లవిషయము. ‘విలీన’మను పేరు శాసనదృష్టితో జూచిన నీ తేదీకి సరిగా నతుకదు. 17వ తేదీన జరిగినది యుద్ధవిరమణము. తరువాత సైనికప్రభుత్వ మేర్పడెను. భారతరాజ్యాంగము హైదరాబాదునకును వర్తించునని నిజాము ఫర్మానా వెలువడినది 1949 నవంబరులో. ఆ రాజ్యాంగ మమలులోనికి వచ్చినది 1950 జనవరి 26న. ప్రజలెన్నుకొనిన బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గము వచ్చినది 1952లో. ‘విమోచన’మను పేరు చెరసాలలనుండి వెడలివచ్చినవారికిని, రజాకార్ల భయమున అడవులలో దాగినవారికిని అక్షరాల నిజము. నల్లగొండ, వరంగల్లు పల్లెలలో దున్నువానికి పంచిన భూములు దొరలకు మరల పోవుట చూచినవారికి నదే దినము వేరొక చరిత్రకు మొదలు. కమ్యూనిస్టుల సాయుధపోరాటము 1951 అక్టోబరువరకు నాగలేదు. ఒక దినము నందరు నొక్కటే పేరుతో బిలువవలెనని యెవరైన శాసించినను, అనుభవములు శాసనమునకు లొంగునా?

ఈ పేళ్ల చిక్కు జహీరాబాదు దరిదాపుల మరింత విచిత్రము. 1956 నవంబరు 1వ తేదీన భాషారాష్ట్రము లేర్పడినప్పుడు బీదరుజిల్లా మూడు ముక్కలాయెను. నిర్ణా సర్కిలు తప్ప జహీరాబాదు తాలూకాయు, నారాయణఖేడు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలును మెదకులో జేరి ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. ఉద్గీరు, అహమదుపురము, నిలంగా తాలూకాలు బొంబాయిరాష్ట్రమునకు బోయినవి. మిగిలిన బీదరు మైసూరున గలిసినది. ఆ పిదప జహీరాబాదు 2014లో తెలంగాణరాష్ట్రములోనిదియు, 2016లో సంగారెడ్డిజిల్లాలోనిదియు నాయెను. ఒకే కలెక్టరు క్రింద, ఒకే దినమున, ఒకే సైన్యమును జూచిన జనులు నేడు మూడు రాష్ట్రములలో నున్నారు. ఉద్గీరులో ఆ దినము మరాఠ్వాడా ముక్తిసంగ్రామదినము. బీదరులో నది హైదరాబాదు కర్ణాటక విమోచనదినముగా నుండి, 2019 మొదలు కల్యాణకర్ణాటక ఉత్సవమైనది. జహీరాబాదులో 2022లో రాష్ట్రప్రభుత్వము వారు సమైక్యతాదినమనిరి. 2024లో మరియొక ప్రభుత్వము ప్రజాపాలనాదినమనినది. కేంద్రప్రభుత్వము హైదరాబాదు విమోచనదినమనుచున్నది. బీదరునుండి జహీరాబాదునకు బస్సెక్కినవాడు గంటలోపల నుత్సవము మార్చుకొనవచ్చును.

పేళ్లను గూర్చి ప్రభుత్వములు తేల్చుకొనుగాక. మాకు గావలసినది వేరు. నాడు జహీరాబాదు కూడలివద్ద తుపాకిధ్వని విన్న పదియేండ్ల బాలుడు నేడు తొంబదికి జేరువ. రజాకార్లు వచ్చినపు డెవరియింట ధాన్యపుగాదె కాలెనో, సైన్యము వచ్చిపోయిన పిదప నే బావివద్ద నేమి జరిగెనో, ఎవరెవరిని దాచిరో, కన్నులారజూచి చెప్పగలవారు ప్రతిగ్రామమునను ఒకరిద్దరు మాత్రమే మిగిలియుందురు. కొందరు తెలుగున, కొందరు కన్నడమున, కొందరు ఉర్దూలో జెప్పుదురు. జహీరాబాదు, న్యాల్కల్, ఝరాసంగము మండలములలోని ఉపాధ్యాయులును కళాశాలవిద్యార్థులును వారి యిండ్లకు బోయి, ఏ వాక్యమును దిద్దక, ఏ భాషలో జెప్పిన నా భాషలోనే వ్రాసికొనవలెను. 17వ తేదీకి ముందు చనిపోయినవారి పేళ్లును, తరువాత చనిపోయినవారి పేళ్లును ఒక్క పుస్తకములోనే యెక్కవలెను. వచ్చు సెప్టెంబరునకు వేదిక కట్టుట కింకను వ్యవధి గలదు. ఈ పని కంత వ్యవధి లేదు.