వార్తల్లో పదం: వెబ్ ఆప్షన్లు

చేరాలనుకునే కాలేజీలను ఇష్టాన్ని బట్టి వరుసగా ఆన్‌లైన్‌లో నమోదు చేయడమే వెబ్ ఆప్షన్లు ఇవ్వడం. తెలంగాణలో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇలాగే నింపుతుంది. దరఖాస్తు, సర్టిఫికెట్ల పరిశీలన, ఎప్‌సెట్ ర్యాంకులతో మెరిట్ జాబితా ముగిశాకే ఆప్షన్లు.

కంప్యూటర్ ర్యాంకు, రిజర్వేషన్ల ప్రకారం ఒక్కొక్కరి జాబితాను పైనుంచి చూస్తూ వస్తుంది. సీటు దొరికిన మొదటి కాలేజీ దగ్గరే ఆగిపోతుంది, కిందివాటి జోలికే పోదు. కరీంనగర్‌లో చదవాలనుకున్న జమ్మికుంట అమ్మాయి హైదరాబాద్ కాలేజీని పైన పెడితే, హైదరాబాదే రావచ్చు. ఆప్షన్ పెట్టని కాలేజీలో సీటు మిగిలినా ఆ విడతలో దక్కదు. ఇష్టమైనదాన్ని పైన పెట్టినంత మాత్రాన కిందివాటికి అవకాశం తగ్గదు; ‘ఎలాగూ రాదులే’ అని దాన్ని కిందికి తోయడమే నష్టం. ఫీజు, హాస్టల్‌తోపాటు అనుబంధ ఆసుపత్రినీ చూడాలి. ప్రాక్టికల్స్ చాలావరకు అక్కడే మరి.