కంచర్ల యను నింటిపేరు

తెలుగువారి యింటిపేరు మనుష్యుని పేరునకు ముందు నిలుచును. ఊరక నిలువదు, షష్ఠ్యర్థమున నిలుచును. వేమూరు వేమూరి యగును, ముదునూరు ముదునూరి యగును, పాడు పాటి యగును, కొలను కొలని యగును. ఊరిపేరు ఔపవిభక్తికరూపము దాల్చి మనుష్యనామమునకు విశేషణ మగుచున్నది. బాలవ్యాకరణము చదివిన విద్యార్థికి క్రొత్త గాని యీ సంగతి ఇంటిపేరుల యర్థము చెప్పునప్పుడు మాత్రము తరచుగా మఱపునకు వచ్చును.

భద్రాద్రి రామాలయ నిర్మాతయైన గోపన్న యింటిపేరు కంచర్ల. వినినంతనే కంచు, కంచరి యను మాటలు స్ఫురించును. పంచాణమువారిలో కంచుపని చేయువాడు కంచరి. బహువచనమున కంచరులు, కంచర్లు. దానికి షష్ఠీరూపము కంచర్ల. విశాఖపట్టణమునందలి కంచరపాలెమువంటి గ్రామనామములలో నీ శబ్దమే కలదు. కావున కంచర్ల గోపన్న యనగా కంచరుల గోపన్న యని యన్వయించుట వ్యాకరణవిరుద్ధము గాదు. అయినను గోపన్న నియోగి బ్రాహ్మణుడని ప్రసిద్ధి. వృత్తివాచకము ఆ యింటి కెట్లు పేరయ్యెనను ప్రశ్న యిచ్చట పుట్టుచున్నది.

ఈ పదమునకు మఱియొక వ్యుత్పత్తి యున్నది. మాచర్ల, జడ్చర్ల, బేతంచెర్ల, తాడిచెర్ల, కంచికచర్ల మొదలగు నూళ్ళ పేళ్ళ తుదిని వచ్చు 'చర్ల', చెఱువు శబ్దమునకు బహువచన షష్ఠీరూపము. చెఱువుల యనునది ఉకారలోపమున చెర్ల యై, చర్ల యైనది. భద్రాచలమునకు ఎగువను, గోదావరి కావలిదెసను, అడవిలోని చర్ల గ్రామమున ఆ రూపమే యొంటరిగా నిలిచియున్నది. కంచర్లను గూడ నీ కోవలో జేర్చినయెడల అది చెఱువును బట్టి వచ్చిన ఊరిపేరగును. పూర్వపదము కంచె యైనచో, కంచెచెర్ల యనునప్పటి రెండు చకారములలో నొకటి జాఱిపోవుట వాడుకలో వింత గాదు.

ఈ రెంటిలో నేది గ్రాహ్యము? ఇందుకు వర్ణక్రమమే కొంత సాక్ష్య మిచ్చుచున్నది. ఈ యింటిపేరును కంచర్ల యనియు, కంచెర్ల యనియు రెండువిధముల వ్రాయుదురు. కంచరి నుండి పుట్టినచో అకారమునకు హేతువు కలదు గాని ఎకారమునకు లేదు. మాచర్ల మాచెర్ల, జడ్చర్ల జడ్చెర్ల యని చెఱువు పేళ్ళలో కనబడు వికల్పమే యిక్కడను గనబడుచున్నది.

దాశరథీశతకము తుదిపద్యమున కవి తన తండ్రిపేరును, ఆత్రేయగోత్రమును, శాఖను, ఇంటిపేరును జెప్పుకొనినాడు. అందు ఇంటిపేరు రెండు పాదములనడుమ విఱిగి, దాని యుత్తరభాగము ప్రాసస్థానమున బడినది. తక్కిన మూడు పాదములయందును ప్రాస ద్విత్వలకారము. ఇక్కడ మాత్రము రేఫసంయుక్త లకారము. ఊరులు ఊర్లు, ఊళ్ళు అయినట్లే కంచెర్ల నోటిపలుకుబడిలో కంచెళ్ళ యైయుండుననియు, లళల యభేదముచేత ప్రాస పొసగెననియు ఊహించుటకు దీనివలన వీలు కలుగుచున్నది. అక్షరస్ఖలన మని త్రోసివేయుట కంటె ఈ యూహ మేలు. కంచరిలోనిది సాధురేఫము, చెఱువులోనిది శకటరేఫము గనుక ఆ భేదము నిలిచియున్న వ్రాత యొకటి యున్నచో వివాదము తీఱిపోయెడిది. కాని హల్లుతో గలిసినచోట లేఖకులు శకటరేఫమును పాటించుట అరుదు.

దేశస్వభావము గూడ చెఱువు పక్షమునకే మొగ్గును. కాకతీయుల కాలమున ఈ సీమలో ఊరు కట్టుటకు ముందు చెఱువు కట్టిరన్నను అతిశయోక్తి కాదు. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెఱువునకు బయ్యారము శాసనమే సాక్షి. కాకతీయ వంశక్రమము నెఱుగుటకు చరిత్రకారుల కది ముఖ్యాధారము. బయ్యారము 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనిదే. అట్టి దేశమున ఊరిపేరు చెఱువును బట్టి వచ్చుట సహజము.

అయినను కంచరి పక్షమే నిజమనుకొన్నను, గోపన్న పూర్వులు కంచుపోత పోసినవారని తేలదు. కంచరులు కాపురమున్న ఊరు కంచర్ల. ఆ యూరినుండి వచ్చిన యెల్లరకును అది యింటిపేరు. స్పెయిను దేశమున దీనికి సరియైన యుదాహరణము కలదు. అచ్చట హెర్రేరా యను నింటిపేరు బహుళప్రచారము. వ్రాతలోని హకారమును వారు పలుకరు. కమ్మరివానికి స్పానిషు భాషలో హెర్రెరో యని పేరు. హెర్రేరా యనునది ఇనుపగనికి గాని యినుపపని జరుగుచోటికి గాని చెల్లు లాటిను పదమునుండి పుట్టి, ఊళ్ళకు పేరై, ఆ యూళ్ళవారికి ఇంటిపేరైనది. హెర్రెరో వృత్తి, హెర్రేరా స్థలము. కంచరికిని కంచర్లకును గల యంతర మట్టిదే.

ఊరిపేరు ఇంటిపేరగుటలో నింకొక విశేషము కలదు. వేమూరిలో నున్నవానిని వేమూరివాడని ఆ యూరివా రెవ్వరును బిలువరు, అందఱును వేమూరివారే. ఆ యూరు విడిచి మఱియొక యూరు చేరినప్పుడే ఆ పేరు పనికివచ్చును. గోపన్న జన్మస్థానము నేలకొండపల్లి, ఇంటిపేరు కంచర్ల. అనగా ఆ కుటుంబము పూర్వ మెప్పుడో కంచర్ల యను నూరు వదలి వచ్చిన దన్నమాట. లింగన్న కామాంబల కుమారుడు, అక్కన్న మాదన్నల మేనల్లుడని ప్రసిద్ధుడు. 1672 నుండి 1687 వఱకు గోలకొండ నేలిన అబుల్ హసన్ కుతుబ్‌షా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారు. చెఱసాల కథ యెల్ల రెఱిగినదే. ప్రజలు రామదాసని పిలిచిన పిమ్మట ఇంటిపేరు పండితుల నోట మాత్రమే మిగిలినది.

ఒకే యూరు విడిచినవారిలో అన్ని జాతులవారును ఉందురు గదా. ఈ యింటిపేరు నేడు పెక్కు కులములందు వ్యాపించియుండుటకు కారణమిదే. 2018 నుండి 2023 వఱకు నల్లగొండ శాసనసభ్యుడుగా నుండిన కంచర్ల భూపాల్ రెడ్డికిని నియోగియైన గోపన్నకును ఇంటిపే రొక్కటే. ఇందువలన బంధుత్వము గాని కులైక్యము గాని సిద్ధింపదు. బ్రాహ్మణులలో వివాహమునకు గోత్రము చూతురు గాని ఇంటిపేరును మాత్రము చూచి నిర్ణయింపరు. అమెరికా మొదలగు దేశములకు బోయినవారు ఇంటిపేరును తుదకు ద్రోయుచున్నారు. గోపన్న కంచర్ల యన్నప్పుడు షష్ఠి దేనికి విశేషణమో తెలియక వ్యాకరణము నోరు మూసికొనును.

భద్రాచలపు టడవులలో పద్ధతి వేఱు. ఈ సీమ గోదావరి మండలములో చేరియుండి, 1959లో ఖమ్మము జిల్లాకు మాఱి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఇచ్చటి కోయవారికి ఇంటిపేరులు గట్టులుగా ఏర్పడియుండును; మూడవ గట్టు, నాలుగవ గట్టు, అయిదవ గట్టు అని సంఖ్యచే వ్యవహారము. ఒకే గట్టులోని యిండ్లవారు అన్నదమ్ముల వరుస. వారిలో వారికి పెండ్లి లేదు. కంచర్ల చెప్పలేని బంధుత్వమును ఇచ్చటి యింటిపేరు చెప్పగలదు.

రామాలయమునకు సంబంధించిన యైతిహ్యమునందే దీనికి చక్కని చిక్కొకటి యున్నది. దేవతామూర్తులను మొదట కనుగొనిన పోకల దమ్మక్క కోయజాతి స్త్రీ యని చెప్పుదురు. పోకల యనునది పోక శబ్దమునకు అచ్చపు తెలుగు షష్ఠీ బహువచనము, కంచర్లకు తోబుట్టువువంటి రూపము. రూపమును బట్టి జాతిని నిర్ణయింప బూనినవా రిచ్చట నిలువవలసినదే.

కోయపిల్లలు చదువు పాఠశాలల హాజరుపట్టీలలో మడకం, కుంజా, పాయం, సోడి, సున్నం, కారం అను నింటిపేళ్ళుండును. కడపటి రెండును తెలుగు చెవికి గోడకు పూయు సున్నము, కూరలో వేయు కారముగా వినబడును. తరగతిలో నవ్వు పుట్టుటకు అంతమాత్రము చాలును. ధ్వనిసామ్య మర్థమునకు ప్రమాణము గాదని ఉపాధ్యాయుడు మొదట తాను గ్రహింపవలెను. ఈ పేళ్ళకు షష్ఠీరూపము లేదు. ఊరి జాడయు లేదు. వీని యర్థమును శబ్దరత్నాకరములో వెదకుట కంటె, ఆ బాలుని యిల్లు ఏ గట్టులోనిదో, దాని వేల్పు ఏదో అడుగుట యుక్తము. వేల్పుల కొలుపులలో డోలీలు పడిగె నెత్తి పాడు వంశకథలయందు ఆ యింటిపేళ్ళు ఒక్కొక్కటిగా వచ్చును.